ఫ్రేజల్ వెర్బ్స్ బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది, నాలుగు రోజులు సెలవు పెట్టి కడపకు వచ్చాను. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. శనివారం మీటింగ్ ‘హ్యాజ్ బీన్ కాల్డ్ ఆఫ్’ అని అందులో ఒకే ఒక్క వాక్యం. కాల్ అంటే పిలవడమని నాకు తెలుసు. పక్కనున్న ‘ఆఫ్’ను పట్టించుకోలేదు. మీటింగుకు రమ్మంటున్నారనుకుని రాత్రికి రాత్రే బస్సెక్కి, రాయచోటి, మదనపల్లె మీదుగా తెల్లారేసరికి బెంగళూరు చేరాను. ఆఫీసుకు తాళం వేసి ఉంది. మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో వెతికితే అప్పుడు తెలిసింది, కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడమని.

బస్సు చార్జీ పోయిందని కాదు నా బాధ. అన్నేళ్లు ఇంగ్లీష్ చదివాను. లీవ్ లెటర్లు రాశాను, పాసివ్ వాయిస్ మార్చాను, వ్యాసాలు బట్టీ పట్టాను. రోజూ ఎదురయ్యే ఈ రెండు మాటల జత గురించి మాత్రం నన్ను ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇప్పుడు సాయంత్రాలు మా వీధిలో డిగ్రీ చదివే పిల్లలకు ఇంగ్లీష్ చెబుతున్నాను. వాళ్లతో కలిసి చేసి చూసి, పనికొచ్చిందని నమ్మకం కుదిరిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గర ఒక నోటుబుక్కు, రోజుకు 20 నిమిషాలు ఉంటే చాలు.

ముందు భయం పోగొట్టుకోండి

ఫ్రేజల్ వెర్బ్ అంటే ఒక క్రియ, దాని పక్కన అప్, ఆఫ్, అవుట్, ఆన్, డౌన్ లాంటి ఒక చిన్న మాట. రెండూ కలిస్తే అర్థం మారిపోతుంది. గివ్ అంటే ఇవ్వడం, గివ్ అప్ అంటే మానేయడం. లుక్ అంటే చూడటం, లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం. ఇంగ్లీష్ వాళ్లకు కూడా ఇది తెలిసిన ఇబ్బందే. 1755లో వచ్చిన తన నిఘంటువు ముందుమాటలో శామ్యూల్ జాన్సన్, పరదేశీయులకు అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగించేవి ఈ జతలేనని రాశాడు.

అయితే తెలుగువాళ్లకు అంత కష్టం ఉండకూడదని నా నమ్మకం. ఎందుకంటే ఈ పని మనం పుట్టినప్పటి నుంచీ చేస్తున్నాం. ‘పడు’ అన్న ఒక్క క్రియను తీసుకోండి. కష్టపడ్డాడు, నిలబడ్డాడు, బయటపడ్డాడు, తెగబడ్డాడు, వెంటపడ్డాడు, దారిన పడ్డాడు. వీటిలో ఎవరూ కింద పడలేదు. మనకు ఎవరూ జాబితా ఇచ్చి అప్పజెప్పమనలేదు. సందర్భంలో విన్నాం, వాడాం, వచ్చేసింది. ఇంకా దగ్గరి పోలిక చెప్పాలంటే, ‘చూడు’ పక్కన ‘కొను’ చేరి ‘చూసుకో’ అయినట్టే లుక్ పక్కన ఆఫ్టర్ చేరింది. ‘మా అవ్వను నేనే చూసుకుంటున్నాను’ అన్నప్పుడు మీరు అవ్వ వైపు కళ్లప్పగించి చూస్తున్నారని ఎవరూ అనుకోరు కదా. ఐ యామ్ లుకింగ్ ఆఫ్టర్ మై గ్రాండ్‌మదర్ అన్నా అంతే.

మొదటి పని: ఇప్పటికే మీ నోట్లో ఉన్నవి ఏరండి

నోటుబుక్కు మొదటి పేజీలో కొత్తవేవీ రాయకండి. ఒకరోజంతా మీరు, మీ ఇంట్లోవాళ్లు, వీధిలోవాళ్లు తెలుగులో మాట్లాడుతూ వాడే ఇలాంటి జతలను ఏరి రాయండి. ‘నన్ను పికప్ చేసుకో’, ‘ఫోన్ స్విచాఫ్ వస్తోంది’, ‘బస్సు బ్రేక్‌డౌన్ అయింది’, ‘డాక్టర్ దగ్గర చెకప్ ఉంది’, ‘లాగిన్ కావడం లేదు’, ‘ఫొటోలు బ్యాకప్ పెట్టు’, ‘ప్రింటౌట్ తీయించు’. క్రికెట్ చూసేవాళ్లయితే రనౌట్, నాకౌట్ కూడా. మా పిల్లల్లో ఒక అమ్మాయి ఒక్క పూటలో 23 రాసుకొచ్చింది. ఇంగ్లీష్ ముక్క రాదని మొదటి రోజు తల దించుకుని కూర్చున్న అమ్మాయి ఆమె.

ఇప్పుడు వాటిని క్రియలుగా మార్చి వాక్యాలు రాయండి. తెలుగులో మనం పికప్, బ్రేక్‌డౌన్ లాంటివాటిని నామవాచకాలుగా తీసుకుని చివర ‘చేయు’, ‘అవు’ తగిలిస్తాం. ఇంగ్లీష్‌లో క్రియగా వాడితే మొదటి ముక్క కాలాన్ని బట్టి మారుతుంది, రెండో ముక్క మారదు. బస్సు గువ్వలచెరువు ఘాట్‌లో ఆగిపోయింది అంటే ద బస్ బ్రోక్ డౌన్ ఇన్ ద గువ్వలచెరువు ఘాట్. నాన్న నన్ను స్టేషన్ దగ్గర ఎక్కించుకున్నాడు అంటే మై ఫాదర్ పిక్డ్ మీ అప్ ఎట్ ద స్టేషన్. ‘పికప్డ్’ అని అతికించడం మా దగ్గర తరచుగా వినిపించే తప్పు.

రాతలోనూ తేడా ఉంది. నామవాచకమైతే లాగిన్, బ్రేక్‌డౌన్ అని ఒకే మాటగా కలిపి రాస్తారు. క్రియ అయితే లాగ్ ఇన్, బ్రేక్ డౌన్ అని విడదీస్తారు. పలకడంలో నామవాచకానికి ఊనిక మొదటి ముక్క మీద, క్రియకు చిన్న మాట మీద పడుతుంది. రెండూ పైకి చదివి చూసుకోండి.

రెండో పని: చిన్న మాట బొమ్మను పట్టుకోండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పుస్తకాల్లో క్రియల వరసన జాబితాలు ఉంటాయి. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఆఫ్, గెట్ అవే, గెట్ ఓవర్, గెట్ త్రూ అని ఒకే పేజీలో కుక్కుతారు. అలా చదివితే అన్నీ ఒకదానితో ఒకటి కలగాపులగం అవుతాయి. దాన్ని తిరగేయండి. క్రియను పక్కన పెట్టి చిన్న మాట వెంట నడవండి, అది మనసులో గీసే బొమ్మ ఏమిటో చూడండి.

‘అప్’ నుంచి మొదలుపెడదాం. పైకి అన్నది దాని అసలు అర్థం. గెట్ అప్ అంటే లేవడం, గ్రో అప్ అంటే పెరిగి పెద్దవడం, గో అప్ అంటే ధరలాంటిది పెరగడం. టమోటా ధర పెరిగింది, టొమాటో ప్రైసెస్ హ్యావ్ గాన్ అప్. దీనికి ఇంకో అర్థం ఉంది, అది మనకు బాగా తెలిసిందే. పనిని పూర్తిగా ముగించడం. తిను అనడానికీ తినెయ్ అనడానికీ తేడా ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఈట్ అంటే తిను, ఈట్ అప్ అంటే తినెయ్. డ్రింక్ అప్ అంటే తాగెయ్. యూజ్ అప్ అంటే వాడేయడం, మిగలకుండా. మన ‘ఎయ్’ చేసే పనే వాళ్ల ‘అప్’ చేస్తోంది. ఈ ఒక్క పోలిక దొరికాక నా దగ్గరకొచ్చే పిల్లలు ‘అప్’ జతలు చూసి బెదరడం మానేశారు.

‘అవుట్’కు లోపలి నుంచి బయటికి అన్నది మొదటి అర్థం. దాంతో రెండు దారులు. బయటికి వచ్చిందంటే తెలిసింది అని ఒక దారి. మనమూ నిజం బయటపడింది అంటాం. ఫైండ్ అవుట్ అంటే కనుక్కోవడం, వర్క్ అవుట్ అంటే లెక్కవేసి తేల్చడం. రెండో దారి, బయటికి పోయిందంటే అయిపోయింది, ఆరిపోయింది. ఎండాకాలంలో మా వీధిలో తరచుగా అవసరపడే వాక్యం: వి హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ వాటర్. నీళ్లు అయిపోయాయి. కరెంటు పోయింది అంటే ద పవర్ వెంట్ అవుట్. మంట ఆర్పడం పుట్ అవుట్. ఇక్కడ మన ‘పోవు’ను గుర్తుచేసుకోండి. అయిపోవు, ఆరిపోవు, ఆగిపోవు. పోవడమంటే వెళ్లడమే, కానీ ఈ మూడింటిలో ఎవరూ ఎక్కడికీ వెళ్లడం లేదు.

‘ఆఫ్’ విడిపోవడం. చెప్పులు విప్పడం టేక్ ఆఫ్. విమానం నేలను వదలడమూ టేక్ ఆఫే. బస్సు దిగడం గెట్ ఆఫ్. పైప్ లైన్ తెంచినా, ఫోన్ లైన్ కట్ చేసినా కట్ ఆఫ్. ప్రయాణం మొదలుపెట్టడం సెట్ ఆఫ్, ఇల్లు వదిలి బయల్దేరుతున్నాం కాబట్టి. నా కాల్ ఆఫ్ కూడా ఈ కుటుంబమే. అనుకున్న రోజు నుంచి పనిని తప్పించేయడం. పూర్తిగా తప్పిస్తే కాల్ ఆఫ్, వాయిదా వేస్తే పుట్ ఆఫ్. ఈ రెండింటినీ కలిపి ఒక పేజీలో రాసుకోండి, ఉద్యోగంలో చాలా అవసరం.

‘ఆన్’కు అంటుకుని ఉండటం ఒకటి, ఆగకుండా సాగడం ఒకటి. పుట్ ఆన్ అంటే వేసుకోవడం, చొక్కా అయినా కళ్లజోడు అయినా. కీప్ ఆన్, క్యారీ ఆన్, గో ఆన్ అన్నీ ‘కానివ్వు, కానివ్వు’ అన్నట్టు. ‘డౌన్’ తగ్గడం. స్లో డౌన్, టర్న్ డౌన్. టర్న్ డౌన్‌కు టీవీ సౌండు తగ్గించడం, ఎవరైనా అడిగినదాన్ని కాదనడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. రైట్ డౌన్ అంటే కాగితం మీద పెట్టడం. ‘అవే’కు దూరం. త్రో అవే అంటే పారేయడం.

అన్నీ ఇలా లెక్కకు లొంగవు. గివ్ అప్‌లో పైకి పోయేదేమీ లేదు. పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం, ముక్కలు విడదీసినా ఆ అర్థం దొరకదు. అలాంటివి ఎదురైనప్పుడు బొమ్మ కోసం పెనుగులాడకండి. వాటికి వాక్యమే దిక్కు.

మూడో పని: నోటుబుక్కులో మీ బతుకు రాయండి

1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకుని, వేమన పద్యాలు సేకరించి, 1852లో తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు అచ్చు వేయించాడు. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది. అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఆయన నిఘంటువులో మాటకు అర్థం చెప్పి ఊరుకోలేదు, జనం ఆ మాటను ఎలా వాడతారో వాక్యాలు చూపించాడు. మన భాషను ఆయన నేర్చిన దారిలోనే మనం ఆయన భాషను నేర్చుకోవచ్చు.

పేజీకి ఒక్క ఫ్రేజల్ వెర్బ్ రాయండి. పైన ఆ జత. కింద మీ జీవితంలో నిజంగా జరిగిన ఒక తెలుగు వాక్యం. దాని కింద ఇంగ్లీష్ వాక్యం. తెలుగు అర్థం ఒంటి మాటగా రాయకండి. ‘గివ్ అప్ = వదులు’ అని రాసుకున్న అబ్బాయి ఒకడు ఆవును వదిలాను అనడానికి ఐ గేవ్ అప్ ద కౌ అన్నాడు. అదే ‘మా మామ బీడీలు మానేశాడు, మై అంకుల్ గేవ్ అప్ స్మోకింగ్’ అని రాసుకుని ఉంటే ఆ తప్పు వచ్చేది కాదు.

వాక్యం మీ ఇంటిదే కావాలి. పుస్తకంలోని జాన్, మేరీ ఎవరో మనకు తెలియదు, అందుకే గుర్తుండరు. ‘ఏడు రోడ్ల దగ్గర దిగాను, ఐ గాట్ ఆఫ్ ఎట్ సెవెన్ రోడ్స్’ అని రాస్తే రేపు అక్కడ దిగినప్పుడు అదే గుర్తొస్తుంది. అన్నట్టు, బస్సు, రైలు అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్. ఆటో, కారు అయితే గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్. ఎక్కి నిలబడగలిగేదానికి ఆన్, వంగి కూర్చోవాల్సినదానికి ఇన్ అని గుర్తుపెట్టుకోండి.

ఒక జతకు నాలుగైదు అర్థాలుంటే మొదట ఒక్కటే రాయండి. మేక్ అప్ అంటే ముఖానికి వేసుకునేది కాక, కథ అల్లడం, గొడవపడ్డాక మళ్లీ కలిసిపోవడం కూడా. రెండో అర్థం ఎక్కడైనా మీకు ఎదురైన రోజున అదే పేజీకి తిరిగి వచ్చి రాయండి. అందుకే ప్రతి పేజీలో సగం ఖాళీ ఉంచమంటున్నాను.

నాలుగో పని: ‘ఇట్’ ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి

వ్యాకరణం మొత్తంలో ఇక్కడ తప్పకుండా తెలియాల్సింది ఇదొక్కటే. ఫ్యాన్ ఆపెయ్ అనడానికి టర్న్ ఆఫ్ ద ఫ్యాన్ అన్నా, టర్న్ ద ఫ్యాన్ ఆఫ్ అన్నా సరే. ఫ్యాన్ బదులు ‘దాన్ని’ అంటే మాత్రం టర్న్ ఇట్ ఆఫ్ అనే అనాలి. టర్న్ ఆఫ్ ఇట్ అనకూడదు. పిక్ హిమ్ అప్, పుట్ ఇట్ ఆన్, త్రో దెమ్ అవే, అన్నీ ఇంతే.

కొన్ని జతలు విడిపోవు. లుక్ ఆఫ్టర్ హర్ అనాలి, లుక్ హర్ ఆఫ్టర్ అనరాదు. లుక్ ఫర్, లుక్ ఇన్‌టు, గెట్ ఓవర్ అలాంటివే. మూడు ముక్కలవి, రన్ అవుట్ ఆఫ్, పుట్ అప్ విత్, లుక్ ఫార్వర్డ్ టు లాంటివి కూడా దాదాపు విడిపోవు. ఏది విడిపోతుందో ఏది విడిపోదో జాబితా పెట్టుకోకండి. పేజీలో మీ వాక్యం కింద ‘ఇట్’ లేక ‘హిమ్’ పెట్టి ఇంకో వాక్యం రాయండి. నిఘంటువులో ఒకసారి సరిచూసుకోండి. పదిసార్లు పైకి అనండి. అనుమానం ఉంటే చెవే చెబుతుంది.

చెవికి అలవాటు చేయండి

చదివితే తెలుస్తుంది, వింటే తెలియదు అని చాలామంది అంటారు. కారణం సంధి. మనం ‘వాడు ఎక్కడ’ అనం, వాడెక్కడ అంటాం. వాళ్లూ అంతే. పిక్ ఇట్ అప్ అన్నది వినేటప్పుడు ‘పికిటప్’. టర్న్ ఇట్ ఆఫ్ ‘టర్నిటాఫ్’. గివ్ ఇట్ అప్ ‘గివిటప్’. హల్లు పక్కన అచ్చు వస్తే కలిసిపోతుంది. మన లిపిలో ఈ సంధిని ఉన్నదున్నట్టు రాయొచ్చు. ప్రతి పేజీ చివర వినబడే రూపాన్ని తెలుగులో రాసుకోండి, దాన్ని అలాగే పలకండి. వారం తిరిగేసరికి వినేటప్పుడు మాటలు విడివిడిగా తెలుస్తాయి.

వినడానికి క్రికెట్ వ్యాఖ్యానం మంచిది, బొమ్మ ముందు కనబడుతుంది కాబట్టి అర్థం ఊహించవచ్చు. వాన వల్ల ఆట ఆగితే ‘హెల్డ్ అప్’ అంటారు, మ్యాచ్ రద్దయితే ‘కాల్డ్ ఆఫ్’ అంటారు. నేను బెంగళూరు బస్సెక్కక ముందు ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటానో. విన్నానేగానీ రాసుకోలేదు.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

మాటల్లో, స్నేహితుల మెసేజుల్లో, మామూలు ఆఫీసు మెయిళ్లలో ఫ్రేజల్ వెర్బ్ సహజంగా ఉంటుంది. దరఖాస్తులో, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులో చాలాచోట్ల ఒంటి మాట మేలు. పుట్ ఆఫ్ బదులు పోస్ట్‌పోన్, కాల్ ఆఫ్ బదులు క్యాన్సిల్, పుట్ అప్ విత్ బదులు టాలరేట్, లుక్ ఇన్‌టు బదులు ఇన్వెస్టిగేట్. ఈ రెండో రకం మాటలు ఎక్కువగా లాటిన్, ఫ్రెంచి మూలాల నుంచి వచ్చినవి. మనం బడిలో ముందు ఇవే నేర్చుకుంటాం, అందుకే మన మాట పుస్తకం చదివినట్టు ఉంటుంది. ‘ఇంట్లో’ అన్న చోట ‘గృహమందు’ అన్నట్టు. నోటుబుక్కులో జత పక్కనే దానికి సరిపడే ఒంటి మాటను కూడా రాయండి.

మన దగ్గర జారిపోయేవి

ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. డిగ్రీ పూర్తిచేశానని చెప్పడానికి మనం ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అంటాం. మన దేశంలో అది చెల్లుతుంది. బయటి దేశాల వాళ్లకు పాస్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022’ అనండి, ఎవరికైనా అర్థమవుతుంది.

కోప్ అప్ విత్ అనేది తప్పు, కోప్ విత్ చాలు. ఆఫ్ ద లైట్, ఆన్ ద ఫ్యాన్ అనకండి, అక్కడ క్రియ లేదు. స్విచ్ గానీ టర్న్ గానీ పెట్టండి. ఫామ్ నింపడానికి ఫిల్ ఇన్ లేదా ఫిల్ అవుట్ వాడండి, ఫిల్ అప్‌ను బండి ట్యాంకుకు ఉంచండి. మెయిల్ చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని రాస్తుంటారు. టు తర్వాత మీటింగ్ రావాలి, లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు.

వారం లెక్క

వారానికి 7 జతలు, రోజుకొకటి. అంతకు మించి వద్దు, ఎంత ఉత్సాహం ఉన్నా. ఉదయం పేజీ రాయండి. పగలు ఎక్కడో ఒకచోట నోరు తెరిచి వాడండి. ఇంగ్లీష్‌లో మాట్లాడేవాళ్లు దొరక్కపోతే మీలో మీరే అనుకోండి, బస్సు దిగుతూ, మోటరు ఆపుతూ, చెప్పులు విప్పుతూ. రాత్రి ఇంగ్లీష్ వాక్యం మీద చెయ్యి అడ్డం పెట్టి, తెలుగు వాక్యం మాత్రం చూసి ఇంగ్లీష్ చెప్పండి.

ఏడో రోజు ఏడు పేజీలూ అలాగే చేయి అడ్డం పెట్టి చూసుకోండి. రానివి రెండో మూడో ఉంటాయి. వాటిని తిట్టుకుంటూ మళ్లీ మళ్లీ చదవకండి. ఆ వాక్యం మీకు అంటలేదని అర్థం. దాన్ని కొట్టేసి, ఆ వారంలో జరిగిన ఇంకో సంగతితో కొత్త వాక్యం రాసి, వచ్చే వారం ఏడింటిలో కలపండి. మొదటి వారానికి నేను ఇచ్చే ఏడు ఇవి: గెట్ ఆఫ్, పిక్ అప్, టర్న్ ఆఫ్, రన్ అవుట్ ఆఫ్, లుక్ ఆఫ్టర్, పుట్ ఆఫ్, కాల్ ఆఫ్. పేజీల మీద ఈ రాత్రే పేర్లు రాసి పెట్టుకోండి. వాక్యాలు రేపటి మీ రోజు ఇస్తుంది.